చలానా డ్రైవరుకు, లాభం యజమానికి: పసిబిడ్డకు రక్షణ ఎవరి బాధ్యత?



మోటారు వాహనాల (సవరణ) చట్టం 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోకి వచ్చింది. అందులోని 194-బి సెక్షన్ రెండు విషయాలు చెబుతున్నది. బెల్టు పెట్టుకోకుండా వాహనం నడిపినా, బెల్టు పెట్టుకోని ప్రయాణీకులను తీసుకుపోయినా వెయ్యి రూపాయల జరిమానా అన్నది మొదటిది. పద్నాలుగేళ్లు నిండని బిడ్డను బెల్టుతోగాని, పిల్లలకోసం తయారైన ప్రత్యేక సీటుతోగాని భద్రపరచకుండా వాహనం నడిపినవారికి, నడిపించినవారికి, నడపనిచ్చినవారికి కూడా వెయ్యి రూపాయల జరిమానా అన్నది రెండవది.

నడిపినవాడు, నడిపించినవాడు, నడపనిచ్చినవాడు! ఈ మూడు మాటలను పాఠకులు గుర్తుంచుకోవాలి. చట్టం ముగ్గురినీ పేర్కొన్నది. ఢిల్లీ, గుర్‌గావ్, నోయిడా, ఫరీదాబాద్ రోడ్లమీద ఆపి చలానా రాసేది మాత్రం స్టీరింగు పట్టుకున్నవాడికే. కెమెరా పట్టిన చలానా యజమాని పేర వచ్చినా, నెలాఖరుకు అది డ్రైవరు జీతంలో కోతగా మారటం ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త సంగతి కాదు.

చట్టం అవసరమా, కాదా అన్న విషయంలో మాకు ఎటువంటి సందేహమూ లేదని ముందుగానే స్పష్టం చేస్తున్నాము. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను ఢీకొంటే లోపలివారికి తగిలే దెబ్బ సుమారు పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడినదానితో సమానం. అటువంటి క్షణంలో తల్లి ఒడి బిడ్డను ఆపలేదు. ఎంత బలమైన చేతులైనా ఆ బరువును పట్టి నిలపలేవు. పెద్దలకోసం అమర్చిన బెల్టు పసివాడి భుజంమీద ఆగదు. మెడమీదికి, పొట్టమీదికి జారి అదే గాయపరుస్తుంది. అందుకే పిల్లల సీటు అవసరమైంది. పసికందు సీటును కారు వెనుకవైపు ముఖం ఉండేట్లు అమర్చాలి. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో దానిని ఎన్నడూ అలా పెట్టరాదు. సీటు బెల్టు ప్రాణాపాయాన్ని సగం వరకు, పిల్లల సీటు 60 శాతం వరకు తగ్గించగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అయినప్పటికీ మనలోనే కొందరు సోదరులు “ఇది కార్లున్నవాళ్ల గొడవ, మనకేమిటి?” అంటున్నారు. మరికొందరు బెల్టు నిబంధనే డ్రైవర్లను వేధించేందుకు పుట్టిందని వాదిస్తున్నారు. ఈ రెండు వాదనలూ తప్పు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. ఆ 16,715 మందిలో 8,384 మంది డ్రైవర్లు! సగానికి పైగా చనిపోయింది స్టీరింగు పట్టినవారే. వారిలో అద్దెకు, జీతానికి బండి తోలేవారు ఎందరో ఉంటారు. బెల్టును నిరాకరించే కార్మికుడు యజమానిని ధిక్కరించినట్లు కాదు, తన పిల్లల అన్నాన్ని పణంగా పెట్టినట్లు. కాబట్టి మన పోరాటం బెల్టుమీద కాదు. దాని భారాన్ని ఎవరు మోయాలి అన్నదే అసలు సమస్య.

పాలకులకు ఈ చట్టం ఎప్పుడు గుర్తుకు వచ్చిందో చూడండి. వెనుక సీటులో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలన్న నిబంధన కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో ఎన్నో ఏళ్లుగా ఉన్నది. దానిని అడిగే నాథుడు లేడు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద ప్రముఖ పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో మరణించారు. ఆయన వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తున్నట్లు పోలీసులు వెల్లడించారు. పది రోజులు తిరిగేసరికి ఢిల్లీ నడిబొడ్డున బారాఖంబా రోడ్డులో పోలీసులు వెనుక సీటు తనిఖీలు మొదలుపెట్టారు. ఆ మరణానికి మేమూ విచారిస్తున్నాము. కాని అంతకుముందు వేలాదిమంది సామాన్యులు అదేవిధంగా చనిపోయినప్పుడు ఈ మేల్కొలుపు ఎందుకు కలుగలేదని అడగటం మా హక్కు.

తనిఖీ జరిగే చోట నిలబడి ఆలోచించండి. వెనుక సీటులో యజమాని, ఆయన ఒడిలో మనుమడు. ముందు సీటులో నెలజీతపు డ్రైవరు. “అయ్యా, బాబును సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి, లేకపోతే బండి తీయను” అని ఆ డ్రైవరు అనగలడా? అంటే మరునాడు పని ఉంటుందా? ఫోనులో పిలిస్తే వచ్చే టాక్సీ కార్మికుని స్థితి ఇంకా దారుణం. చంకలో బిడ్డతో ప్రయాణీకురాలు ఎక్కుతుంది. ఎక్కించుకుంటే చట్టం తప్పు. వద్దంటే కంపెనీ ఇచ్చే నక్షత్రాలు తగ్గుతాయి, బేరం పోతుంది. పిల్లల సీటు కొనాలంటే వేల రూపాయలు. నెలల బిడ్డకు ఒక రకం, నాలుగేళ్లవాడికి ఇంకొక రకం. వెనుక డిక్కీలో సగం సి.ఎన్.జి. సిలిండరే ఆక్రమించిన బండిలో ఈ సీట్లు ఎక్కడ దాచాలి? ప్రతి బేరంమీద కమిషను తీసుకునే కంపెనీ మాత్రం “మేము మధ్యవర్తులం” అని చేతులు దులుపుకుంటున్నది.

ఇది చెల్లదు. 2019 సవరణే ఈ కంపెనీలను 93వ సెక్షన్ క్రిందకు తెచ్చి, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయరాదన్నది. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వానికి షరతు పెట్టే అధికారం లేదా? పిల్లల సీట్లు కంపెనీయే సమకూర్చాలని, బిడ్డకు రక్షణ లేదని బేరం నిరాకరించిన డ్రైవరును శిక్షించరాదని రెండు వాక్యాలు రాయటానికి ఎన్ని కమిటీలు కావాలి?

యాజమాన్యాలపట్ల ప్రభుత్వానికిగల సహనాన్ని కూడా గమనించాలి. కార్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో ముసాయిదా ప్రకటించారు. ఆ ఏడాది అక్టోబరునుండి అన్నారు. విడిభాగాల సరఫరా ఇబ్బంది అనగానే 2023 అక్టోబరుకు జరిపారు. ఆ గడువు వచ్చేసరికి తప్పనిసరి చేయబోమని మంత్రిగారు సెలవిచ్చారు. తయారీదారుకు వాయిదా మీద వాయిదా, డ్రైవరుకు అక్కడికక్కడే చలానా! ఇక మార్కెట్టు సంగతి. బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే హెచ్చరిక శబ్దాన్ని నోరు మూయించే క్లిప్పులను పేరుమోసిన ఆన్‌లైను దుకాణాలే బాహాటంగా అమ్మాయి. ఆ అమ్మకం ఆపమని అయిదు సంస్థలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించేసరికి 2023 మే వచ్చింది. లాభం వస్తుందంటే మృత్యువును కూడా పొట్లం కట్టి ఇంటికి పంపే వ్యవస్థ ఇది.

ఇప్పటివరకు కారు ఎక్కే బిడ్డ సంగతి చెప్పాము. కారును తయారుచేసే కార్మికుని బిడ్డ ఎలా బడికి పోతున్నదో చూద్దాము. గుర్‌గావ్, మానేసర్ కర్మాగారాలలో ఎయిర్‌బ్యాగులు, బెల్టులు, పిల్లల సీటు తగిలించే కొక్కేలు బిగించే చేతులు మన కార్మికులవే. వారిలో ఎందరి పిల్లలో బస్తీ సందులలో ఇ-రిక్షాలోనో, కిక్కిరిసిన వ్యానులోనో బడికి పోతున్నారు. ఇ-రిక్షాకు నలుగురు ప్రయాణీకులే పరిమితి. ఉదయం ఏడు గంటలకు ఏ బడి ముందు నిలబడినా ఆ పరిమితి ఎంతగా పాటింపబడుతున్నదో కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. అక్కడ కట్టుకోవటానికి బెల్టే లేదు.

దీని ఫలితాన్ని ఈ ప్రాంతం అనుభవించే ఉన్నది. 1997 నవంబరు 18న ఢిల్లీలోని వజీరాబాద్ వంతెనమీదినుండి బడి బస్సు యమునలో పడి ఇరవై మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. సుప్రీంకోర్టు ఆ నవంబరు, డిసెంబరు నెలలలోనే బడి బస్సుల వేగానికి, డ్రైవరు అనుభవానికి, పిల్లల సంఖ్యకు కట్టుదిట్టమైన ఆదేశాలిచ్చింది. ఇరవై ఆరేళ్ల తరువాత, 2024 ఏప్రిల్ 11న, రాజధాని ప్రాంతంలోనే ఉన్న హర్యానా మహేంద్రగఢ్ జిల్లాలో కనీనా సమీపంలో బడి బస్సు బోల్తాపడి ఆరుగురు పిల్లలు మరణించారు. అది ఈద్ సెలవుదినం. అయినా బడి తెరిచారు. బస్సు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు 2018లోనే ముగిసిందని వార్తలు వచ్చాయి. డ్రైవరు మద్యం సేవించి ఉన్నాడన్న ఆరోపణ వచ్చింది. తాగి బండి తోలేవానిని ఏ సంఘమూ వెనుకేసుకురాదు, మేమూ రాము. కాని గడువు తీరిన బస్సును అన్నేళ్లు రోడ్డుమీద తిప్పనిచ్చినదెవరు? “నడిపించినవాడు, నడపనిచ్చినవాడు” అన్న మాటలు అటువంటివారికోసమే పుట్టాయి.

చట్టంలోనే ఒక లోపమున్నది. “బెల్టుగాని, పిల్లల సీటుగాని” అని 194-బి అంటున్నది. ఆ సెక్షన్ నెలల పసికందుకు, పదమూడేళ్ల బాలునికి మధ్య ఎత్తు, బరువు, వయసుల తేడా చూపలేదు. పెద్దల బెల్టును పసికందుకు చుట్టినా ఆ మాటల ప్రకారం సరిపోతుంది! బ్రిటన్‌లో బిడ్డకు పన్నెండేళ్లు నిండేవరకు, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేవరకు తగిన సీటు వాడాలి. అక్కడి ప్రభుత్వం ఆ సీట్లమీద 20 శాతానికి బదులు 5 శాతం పన్నే వేస్తున్నది. ఆదేశించిన ప్రభుత్వమే ధరను కొంత తగ్గించింది. మనవద్ద ఆదేశం ఒక్కటే వచ్చింది. మోటారు సైకిలు విషయంలోనూ అంతే: నాలుగేళ్లలోపు బిడ్డకు రక్షణ పట్టీ, హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి 15నుండి నియమం వచ్చింది. నియమం మంచిదే. కొనవలసింది మాత్రం కూలి డబ్బుతో బండి వాయిదాలు కట్టే తండ్రి.

కావున మేము డిమాండు చేస్తున్నాము:

ఒకటి: 194-బి రెండవ ఉపసెక్షన్ క్రింద వాహన యజమానిని, టాక్సీ కంపెనీని, పాఠశాల యాజమాన్యాన్ని కూడా బాధ్యులను చేయాలి, జరిమానాను డ్రైవరు జీతంనుండి కోయటాన్ని నిషేధించాలి.

రెండు: టాక్సీలకు పిల్లల సీట్లను కంపెనీలే సమకూర్చాలి. విమానాశ్రయంలో, పెద్ద రైల్వే స్టేషన్లలో, ప్రసూతి ఆసుపత్రుల వద్ద వాటిని అందుబాటులో ఉంచాలి.

మూడు: పిల్లల సీట్లమీద, హెల్మెట్లమీద, రక్షణ పట్టీలమీద పన్ను పూర్తిగా తొలగించాలి.

నాలుగు: ప్రతి కార్మిక బస్తీకి, ప్రభుత్వ పాఠశాలకు సురక్షితమైన బస్సు నడపాలి. ప్రైవేటు వ్యాను యజమానులు పిల్లలను కుక్కితే బడి గుర్తింపుమీదనే చర్య తీసుకోవాలి.

అయిదు: బిడ్డ వయసు, ఎత్తు, బరువులనుబట్టి ఏ సీటు వాడాలో సెక్షన్‌లోనే స్పష్టం చేయాలి.

డ్రైవరు సోదరులకు ఒక మాట. ఈ డిమాండ్లు నెరవేరేవరకు బెల్టు మానేస్తామనటం తగదు. ప్రతి టాక్సీలో సీటు కవరు క్రింద కూరుకుపోయిన వెనుక బకిళ్లను ఈ రోజే పైకి తీయండి. బిడ్డతో ఎక్కినవారికి మర్యాదగా చెప్పండి. చెప్పినందుకు ఏ యజమానియైనా, ఏ కంపెనీయైనా పనిలోనుండి తీసివేస్తే, ఆ కేసు సంఘానిది. బిడ్డ ప్రాణం కాపాడినందుకు కార్మికుడు కూడు పోగొట్టుకోవలసిన స్థితిని మేము సహించబోము.