సమష్టి ప్రణాళిక – వ్యష్టి భారం

ఉర్దూలో 'అందాజా', తెలుగులో 'అందాజు'. పారశీకం నుండి బయలుదేరి రెండు భాషలలోనూ స్థిరపడిన ఈ చిన్న మాట మన పెద్దల గృహనిర్వహణకు ఆయువుపట్టు. ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం కావాలో, ఎంత చింతపండు, ఎన్ని మిరపకాయలు నిలువ చేయాలో అందాజు కట్టి, పంట చేతికి వచ్చే రోజులలోనే కొని పెట్టుకొనేవారు. అదే పని ఒక కర్మాగారం చేసినప్పుడు దానికి శాస్త్రగౌరవం లభించింది. దానినే సమష్టి ఉత్పత్తి ప్రణాళిక అంటున్నాము.

రానున్న మూడు నెలల నుండి ఏడాదిన్నర వరకు గిరాకీ ఎట్లుండునో ఊహించి, ఒక్కొక్క వస్తువును విడివిడిగా గాక, మొత్తం ఉత్పత్తిని ఒకే కొలతతో లెక్కించి, ఎందరు పనివారు కావాలి, ఎన్ని గంటలు పనిచేయాలి, ఎంత సరుకు నిలువ ఉంచాలి, ఎంత పని బయటివారికి అప్పగించాలి అని ముందుగా నిర్ణయించుకొనడమే దీని సారాంశం. హోల్ట్, మోడిగ్లియాని, మ్యూత్, సైమన్ అనే నలుగురు అమెరికన్ పండితులు ఒక రంగుల కర్మాగారం లెక్కలను పరిశీలించి, ఈ విషయంపై 1960లో ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. వారిలో సైమన్‌కు 1978లో, మోడిగ్లియానికి 1985లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ శాస్త్రం చూపే మార్గాలు ప్రధానంగా రెండు. గిరాకీ పెరిగినప్పుడు పనిని పెంచి, తగ్గినప్పుడు తగ్గించడం ఒకటి. ఏడాది పొడవునా ఒకే తీరున పనిచేసి, మిగిలిన సరుకును రాబోయే రోజులకు దాచడం రెండవది. ఏది మేలన్నది వస్తువు స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఇందుకు ఉదాహరణలు వెదుకుచూ విదేశాలకు పోనక్కరలేదు. 1979లో తొలి యూనిట్ ప్రారంభమైన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాన్ని చూడండి. విద్యుత్తును ధాన్యం వలె గాదెలో పోసి దాచలేము. గిరాకీ వెంట పరుగెత్తక తప్పదు. ఉయ్యూరు ప్రాంతపు చెరకును చూడండి. నరికిన చెరకు వేచి ఉండదు, పంచదార మాత్రం ఉంటుంది. కనుక కొన్ని నెలల గానుగతో ఏడాది అమ్మకం సాగాలి. ఇక మైలవరం నుండి జి.కొండూరు మీదుగా విజయవాడకు వెళ్ళే దారిలోని కొండపల్లిని చూడండి. నా మనవి అంతా ఆ ఊరి బొమ్మను గురించియే.

పొణికి కర్రను వేడి చూపి తేమ ఆర్చి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు, ఎడ్లబండి అట్లే ప్రాణం పోసుకొంటాయి. అంబారీ ఏనుగును, చిన్న పిట్టను ఒకటిగా లెక్కించలేము గదా అని విద్యార్థులు అడుగవచ్చు. ఒక్కొక్క దానికి ఎన్ని పనిరోజులు పట్టునో లెక్కించండి; సామాన్య కొలత దొరుకుతుంది. అయితే కొలత దొరికినంత మాత్రాన చిక్కు తీరదు. గిరాకీ దసరా, సంక్రాంతి బొమ్మల కొలువుల చుట్టూ గుమిగూడుతుంది. ఆకలి మాత్రం పన్నెండు నెలలూ సమానమే.

ఒక ఊహా లెక్క వేసి చూతము. ఒక కుటుంబం నెలకు నూరు బొమ్మలు చేయగలదనుకొందాము. జనవరి నుండి జూన్ వరకు నెలకు యాభై, జూలై నుండి డిసెంబరు వరకు నెలకు నూటయాభై అమ్ముడుపోతాయనుకొందాము. ఏడాదికి చేసినవి 1200, అమ్మినవి 1200. కాగితంపై ఇంతకంటె చక్కని పొందిక లేదు. కాని జూన్ చివరకు ఇంటిలో 300 బొమ్మలు మిగిలి ఉంటాయి. బొమ్మకు కర్ర, రంగు, కూలి కలిపి నూరు రూపాయలు పడినచో ముప్పది వేల రూపాయలు అటక మీద కూర్చున్నట్లే. పూట గడవవలసిన కుటుంబానికి అది సాధ్యమా? కనుక అది మొదటి మార్గమే పడుతుంది. ఆరు నెలలు సగం పస్తు, ఆరు నెలలు రేయింబవళ్ళు చాకిరి. చిన్న కర్మాగారం పనివారిని తీసివేసి చేసే పనిని, ఇక్కడ కళాకారుడు తన కడుపు మాడ్చుకొని చేస్తున్నాడు.

ఇప్పుడు అదే లెక్కను మరొక వైపు నుండి చూడండి. నెలాఖరు నిలువల సగటు 150 బొమ్మలు, అనగా పదునైదు వేల రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినను ఏడాదికి 3,600 రూపాయలు. 1200 బొమ్మలకు పంచితే బొమ్మకు మూడు రూపాయలు! రూపాయి వడ్డీకి దొరికితే రూపాయిన్నర. ఒక ఇంటిని కుంగదీసే భారం, కొనేవారందరిపై పంచితే కొలువులో దీపపు నూనె ఖరీదు కూడా కాదు.

కనుక నా అభిప్రాయం స్పష్టం. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించడం సంతోషమే. కాని గుర్తింపు ఆషాఢంలో అన్నం పెట్టదు. కళాకారుల సహకార సంఘమో, ప్రభుత్వ విక్రయసంస్థో మందకొడి నెలలలో బొమ్మలను కొని నిలువ చేయాలి. నిలువ భారం వహించడమే నిజమైన ఆదరణ.

అందాజు తప్పితే సరుకు మిగిలిపోదా అని కొందరు ఆక్షేపింతురు. న్యాయమైన ప్రశ్నయే. అందుకే రంగు వేయని తెల్లబొమ్మలను దాచి, ఏది కావాలో తెలిసిన తరువాత రంగులు దిద్దవచ్చును. నెలనెలా లెక్క సరిచూచుకొనవచ్చును. పొణికి చెట్లు నాటడం కూడా ఈ ప్రణాళికలో భాగం కావాలి. చెట్టుకు మన పండుగల తేదీలు తెలియవు.

యూసుఫ్ ప్రవక్త కథ మన విద్యార్థులకు తెలిసినదే. ఏడేండ్ల సమృద్ధిలో ధాన్యాన్ని వెన్నులతోనే దాచి, ఏడేండ్ల కరవును దాటించాడు. అందరూ ఆయన దూరదృష్టిని పొగడుతారు. నాకు మరొకటి కనిపిస్తుంది: ఆ గాదెలు రాజ్యానివి. ప్రతి రైతునూ నీ పాట్లు నీవు పడుమని ఆయన వదలలేదు.

వాణిజ్యశాస్త్రం చదివే మిత్రులారా! రేపు మీలో కొందరు కార్యాలయాలలో ఇట్టి ప్రణాళికలు వ్రాస్తారు. ఖర్చు ఎంత తగ్గిందో లెక్కించండి. ఆ తగ్గిన ఖర్చు ఎవరి భుజాలపైకి చేరిందో కూడా ఒక గడిలో వ్రాయండి. ప్రణాళిక పేరులో సమష్టి ఉన్నది. భారం కూడా సమష్టిది అయిననాడే ఆ పేరు సార్థకమవుతుంది.