ఆ పిల్లని అడిగిందెవరు?

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో పట్టుమని పన్నెండేళ్ళు లేని పాతబస్తీ పిల్ల ఏడుస్తూ కూర్చుంది. పక్కన ఆమెని పెళ్ళాడిన 60 ఏళ్ళ సౌదీ దేశస్థుడు. ఎందుకేడుస్తున్నావని ఎయిర్‌హోస్టెస్ అమృతా అహ్లూవాలియా అడిగింది. (ఆ పిల్ల పేరు అప్పుడు దేశమంతా మోగింది. మళ్ళీ ఇక్కడ రాయను.)

మనస్సాక్షి అంటే లోపలినుంచి వినబడే దివ్యవాణి అన్నట్టు మాట్లాడతాం. కానీ ఆ పిల్లని అంతకుముందు ఎంతమంది చూసి ఉంటారు! నిఖా చదివినవాళ్ళు, సికింద్రాబాదు పక్కనే బేగంపేట విమానాశ్రయంలో టిక్కెట్లు చూసినవాళ్ళు, తోటి ప్రయాణీకులు. వీళ్ళెవరికీ మనస్సాక్షి లేదనలేం. 'కాగితాలు సరిగ్గానే ఉన్నాయి', 'వాళ్ళింటి విషయం మనకెందుకు' అన్న మాటలు దాన్ని జోకొట్టి ఉంటాయి. భోజనం ట్రేలు అందించడమే తన పని అనుకుంటే అమృత కూడా ఊరుకునేదే.

ఆ తర్వాతి సంగతి మనం తక్కువగా చెప్పుకుంటాం. ఢిల్లీలో అతన్ని అరెస్టు చేశారు. పిల్లని నారీనికేతన్‌లో పెట్టారు. తప్పు చేయని పిల్లకి నాలుగు గోడలు! పత్రికలేమో ఒక మతాన్ని బోనులో నిలబెట్టాయి. ఆడపిల్ల పెళ్ళికి 18 ఏళ్ళు నిండాలని 1978లోనే చట్టం మారినా, తెలంగాణ పల్లెల్లో హిందూ ఇళ్ళలో జరిగే పెళ్ళిళ్ళు ఎవరి మనస్సాక్షినీ అంతగా కుదపలేదు.

2006 చట్టం వచ్చాక పెళ్ళిళ్ళు ఆపడం మనలో చాలామందికి అలవాటైన పనే. పోలీసులతో వెళ్తాం, ఆపుతాం, పిల్లని హోమ్‌కి చేరుస్తాం. ఆ పిల్ల ఎక్కడ ఉండాలనుకుంటోందో అడిగేదెవరు? నెల తర్వాత వెళ్ళి చూసేదెవరు? మన సంస్థల రిజిస్టర్లలో ఆ కాలమ్ ఉందా?