బిల్లు ఫోనుది, నింద ఆమెది

స్త్రీల హక్కుల పత్రికలో ఫోను బిల్లుల గురించి రాయడం ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఇంటి హింస, భూమి, కూలి, ఆరోగ్యం వంటి ఇన్ని సమస్యలు మన ముందుండగా ముప్పై రూపాయల కోత కూడా ఒక సమస్యేనా అని అడగవచ్చు. మల్లాపూర్ మండలంలో బీడీలు చేసే స్త్రీల మధ్య పనిచేస్తున్నదాన్ని కాబట్టి నా జవాబు నేను చెబుతాను. ఫోనులో డబ్బు ఎందుకు పోయిందన్న ప్రశ్న ఇక్కడ కంపెనీ దాకా వెళ్లదు. అది మొదట ఇంట్లోనే లేస్తుంది, అదీ స్త్రీ మీదికి లేస్తుంది.

మా వైపు పరిస్థితి తెలియని వారికోసం కొంత చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోవడం ఇప్పటిది కాదు, కొన్ని దశాబ్దాల నుంచి నడుస్తున్నది. మా మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు మీద బతికిన కుటుంబాలకు కూడా ఆ దారే మిగిలింది. ఇక్కడ మిగిలిన స్త్రీ బీడీలు చుడుతుంది, పసుపు చేలల్లో కూలికి పోతుంది, పిల్లల్నీ అత్తమామల్నీ చూసుకుంటుంది. ఆమెకూ భర్తకూ మధ్య ఉన్నదల్లా ఒక ఫోను. ఆ ఫోనులోని సిమ్ చాలాసార్లు ఆమె పేరు మీద ఉండదు. భర్త పేరు మీదో, మరిది పేరు మీదో ఉంటుంది. రీఛార్జి చేయించేది మరొకరు, చేతిలో పట్టుకుని తిరిగేది ఆమె.

పరదేశం నుంచి వచ్చే మిస్డ్ కాల్ మోసం గురించి టెలికాం శాఖ హెచ్చరికలు అందరం చూశాం. తెలియని విదేశీ నంబరుకు తిరిగి ఫోను చేయవద్దని వాటి సారాంశం. పట్నంలో కూర్చున్నవాళ్లకు ఆ సలహా పాటించడం సులభమే. 966 తోనో, 971 తోనో, 968 తోనో మొదలయ్యే నంబరు మా ఊళ్ల స్త్రీలకు ‘తెలియని విదేశీ నంబరు’ కాదు. సౌదీలో, దుబాయిలో, మస్కట్‌లో ఉన్న భర్త తోటివాడి ఫోనుతో చేశాడేమో, కొత్త నంబరు తీసుకున్నాడేమో, ఏమన్నా అయిందేమో అని ఆమె గుండె అదురుతుంది. అంకెల్లో తేడా చూసుకోకుండా తిరిగి చేస్తుంది, బ్యాలెన్స్ ఖాళీ అవుతుంది. అది ఆమె అత్యాశ కాదు, తెలివితక్కువతనమూ కాదు. ఇప్పుడు చాలామంది ఇమోలో, బోటిమ్‌లో మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఈ బాధ తగ్గింది. బటన్ ఫోను వాడే పెద్ద వయసు తల్లులకు మాత్రం తగ్గలేదు.

2018లో మా సంఘంలోని ఒక చెల్లె కష్టం నాకు దగ్గరగా తెలుసు. ఆమె భర్త సౌదీలో. సిమ్ ఆయన పేరు మీద. రెండు వారాల్లో నాలుగైదు దఫాలుగా బ్యాలెన్స్ కోసుకుపోయింది. ఒకసారి పాటకు, ఒకసారి ఆటలకు, మరోసారి జ్యోతిషానికట. మొత్తం రెండు వందల పై చిలుకు. రీఛార్జి చేయించిన మరిది, “ఎవలతోని మాట్లాడినవ్, గిన్ని పైసలు ఏడికి పోయినయ్?” అని నలుగురిలో అడిగాడు. ఆ మాట రాత్రికి సౌదీ చేరింది. “నేనేం ఒత్తలేదక్కా, ఒట్టు” అని ఆమె నా ముందు ఏడ్చింది. ఆ ఏడుపు డబ్బు కోసం కాదు. తన నడవడిని రుజువు చేసుకోవలసి వచ్చినందుకు.

ఆమె కంపెనీకి ఎందుకు ఫోను చేయలేదని అడగడం సులభం. ఇదే చెల్లె బీడీల కార్ఖానలో బాగాలేవని పిడికెళ్లకొద్దీ బీడీలు పక్కకు తీసి లెక్క తగ్గించినప్పుడు నోరు మూసుకుని కూర్చునే మనిషి కాదు. మిగతావాళ్లను కూడగట్టి గట్టిగా అడిగి లెక్క సరిచేయించుకున్న మనిషి. అక్కడ కోత కోసినవాడు కళ్లెదుట ఉన్నాడు, పక్కన తోటి స్త్రీలు ఉన్నారు. ఫోనులో కోసినవాడికి ముఖం లేదు, ఊరు లేదు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు ఒక్కటే ఉంది.

మేము ఇద్దరం కలిసి ఫోను చేశాం. మాట్లాడిన మనిషి అడిగిన మొదటి ప్రశ్న, “కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, సార్‌ని లైన్‌లోకి పిలవండి” అని. సార్ సౌదీలో ఉన్నాడు. మూడోసారి చేసినప్పుడు గానీ ఫిర్యాదు నంబరు ఇవ్వలేదు. వారం తరువాత ‘మీ ఫోను నుంచే అంగీకారం వచ్చింది, ఫిర్యాదు ముగించాం’ అని ఇంగ్లీషులో మెసేజి. అప్పీలు పెట్టాం. చివరికి సగం డబ్బు తిరిగి వేశారు. మిగతా సగం ఎందుకు ఇవ్వలేదో చెప్పలేదు.

‘అంగీకారం వచ్చింది’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మౌనం అర్ధాంగీకారం అన్న మాటతో మన సమాజం స్త్రీల చేత ఎన్నిటికి తల ఊపించిందో మనకు తెలుసు. పెళ్లిచూపుల దగ్గర నుంచి పోలీస్ స్టేషన్ దాకా ‘ఆమె వద్దనలేదు కదా’ అన్న వాదనతో మనం ఏళ్లుగా కొట్లాడుతున్నాం. వద్దనకపోవడం ఒప్పుకోవడం కాదని చెప్పీ చెప్పీ అలసిపోయాం. అదే వాదన వ్యాపారం రూపంలో వచ్చినప్పుడు మాత్రం మనం గుర్తు పట్టడం లేదు. చదవలేని భాషలో తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. దాన్ని తీసేయడానికి వేలు ఎక్కడ తగిలినా సరే అన్నట్టే లెక్క.

ఈ సంగతి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గుర్తించింది. ఇటువంటి అదనపు సేవలు మొదలుపెట్టాలంటే వినియోగదారు రెండుసార్లు స్పష్టంగా ఒప్పుకోవాలని 2013 జూలైలో ఆదేశించింది. ఆ రెండో ఒప్పుకోలు సేవ అమ్మేవాడి చేతిలో ఉన్న వ్యవస్థ ద్వారా రాకూడదని కూడా అన్నది. సేవ వద్దంటే 155223కి ఉచితంగా ఫోను చేసి తీసేయించుకోవచ్చు. మా చెల్లెకు డబ్బు పోయింది ఈ ఆదేశం వచ్చిన అయిదేళ్లకు. కాగితం మీది నియమం మల్లాపూర్ చేరాలంటే ఎవరో ఒకరు దాన్ని చేతపట్టుకుని అడగాలి.

అడిగే పద్ధతి కష్టమైనది కాదు. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఉచితంగా ఫోను చేయగల ఫిర్యాదు కేంద్రం ఉండాలి. ఫిర్యాదు చెప్పగానే ఒక నంబరు ఇవ్వాలి. దీన్నే డాకెట్ నంబరు అంటారు. ఇది చేతిలో లేకపోతే మనం అసలు ఫిర్యాదే చేయనట్టు లెక్క. కేంద్రం ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, గడువులోగా జవాబే రాకపోయినా, ముప్పై రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. ఫీజు లేదు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కే ఉత్తరం రాద్దామని కొందరు కార్యకర్తలు అంటుంటారు. విడివిడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు, కాబట్టి అక్కడ కాలం పోగొట్టుకోవద్దు.

అప్పీలు కూడా కంపెనీ ఇంట్లోదే కదా, అక్కడ న్యాయం ఎంత దొరుకుతుందని అడగవచ్చు. మేమూ అదే అనుకుని ఆనాడు ఒక వకీలును అడిగాం. ఫోను తగాదాలు వినియోగదారుల ఫోరంలో నిలబడవన్నాడు. ఆయన చెప్పినదానికి ఆధారం ఉంది. కేరళ నుంచి వచ్చిన ఒక టెలిఫోను కేసులో 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 7బి సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం నియమించే మధ్యవర్తి దగ్గరికే పోవాలని, ఫోరంకు అధికారం లేదని దాని సారాంశం. తెల్లదొరల కాలపు చట్టం చూపించి కంపెనీలు పదమూడేళ్ల పాటు తలుపు మూసేశాయి. రెండు వందల రూపాయల కోసం బీడీ కార్మికురాలు మధ్యవర్తిని నియమించమని కేంద్ర ప్రభుత్వాన్ని కోరాలట!

ఆ తలుపు తెరిపించినది అహ్మదాబాదుకు చెందిన ఒక మామూలు వినియోగదారు. నెలకు 249 రూపాయల అద్దె ప్లాను, సగటున 555 రూపాయల బిల్లు వచ్చే ఆయనకు 2013 నవంబరు, డిసెంబరుల మధ్య ఒక్క నెలకే 24,609 రూపాయల 51 పైసల బిల్లు వేశారు. ఆయన 2014లో జిల్లా ఫోరంకు వెళ్తే, కంపెనీ ఆ 2009 తీర్పునే చూపించి అడ్డం తిరిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. వొడాఫోన్ ఐడియా వాదనను త్రోసిపుచ్చుతూ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2022 ఫిబ్రవరి 16న తీర్పు ఇచ్చింది. టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తి ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరంకు పోయే హక్కు పోదని తేల్చింది. 2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం సేవల జాబితాలో టెలికాంను పేరు పెట్టి చేర్చింది. పాత 1986 చట్టంలో ఆ మాట లేకపోయినా ఫోను సేవలు దాని కిందికి వస్తాయని కూడా కోర్టు అన్నది. ఒక్క నెల బిల్లు మీద మొదలైన తగాదాలో, కేసు వేయవచ్చా లేదా అన్నది తేలడానికే ఎనిమిదేళ్లు పట్టింది. ఈ లెక్క మనం మరిచిపోరాదు. అయినా దాని ఫలితం ఇప్పుడు అందరిదీ.

మన కార్యకర్తలు ముఖ్యంగా తెలుసుకోవలసింది 2019 చట్టంలో వినియోగదారు అంటే ఎవరన్న నిర్వచనం. డబ్బు కట్టినవారే కాదు, వారి ఒప్పుకోలుతో ఆ సేవను వాడుకుంటున్నవారు కూడా వినియోగదారే. సిమ్ భర్త పేరు మీద ఉండి భార్య వాడుతుంటే ఆమె కూడా వినియోగదారే. ‘సార్‌ని పిలవండి’ అన్నవారికి ఇదే జవాబు. ఆమె తాను నివసించే చోటికి సంబంధించిన కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న పట్నానికి పోనవసరం లేదు. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపల వేయాలి. ఒకే రకం కోత పడిన పదిమంది స్త్రీలు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఒక్కొక్కరికి పోయింది ముప్పై రూపాయలే కాబట్టి ఎవరూ అడగరన్న ధీమా మీదే ఈ వ్యాపారం నడుస్తున్నది. ఆ ధీమాకు సరిపోయే సమాధానం చట్టంలో ఈ వెసులుబాటే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దీన్ని దాచి ఉత్సాహంగా మాట్లాడడం నాకు ఇష్టం లేదు. కోత ఎందుకు పడిందో తేల్చడానికి మొదట కావలసింది వివరాల పట్టీ. ప్రీపెయిడ్ వాడేవారు కూడా గడిచిన ఆరు నెలల లోపలి వివరాలు అడగవచ్చు, అందుకు యాభై రూపాయలకు మించి తీసుకోరాదని 2012 నాటి నిబంధన ఉంది. ఆ పట్టీ వస్తే ‘నేను ఎవరితోనూ మాట్లాడలేదు’ అన్న ఆమె మాటకు సాక్ష్యం దొరుకుతుంది. కానీ అదే పట్టీలో ఆమె తల్లికి చేసిన ఫోన్లు, అక్కకు చేసినవి, మా సంఘానికి చేసినవి అన్నీ ఉంటాయి. సిమ్ ఎవరి పేరు మీద ఉంటే పట్టీ వారి చేతికి పోతుంది. కొట్టే భర్త ఉన్న ఇంట్లో ఆ కాగితం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. అందుకే ఇంటి పరిస్థితి తెలుసుకోకుండా వివరాల పట్టీ అడగమని ఏ స్త్రీకీ నేను సలహా ఇవ్వను.

సిమ్ ఆమె పేరు మీదికి రావాలి. భూమి పట్టా ఆమె పేరు మీద ఉండాలని అడిగినట్టే దీన్నీ అడగాలి. కంపెనీ దుకాణంలో పేరు మార్పించుకునే పద్ధతి ఉంది గానీ పాత పేరుగల వ్యక్తి ఒప్పుకోవాలి, అక్కడే కథ ఆగిపోతుంది. దీనికి ఎదురు బాధ కూడా చూస్తున్నాం. ఆమె ఆధార్ కార్డు తీసుకుని ఇంట్లో మగవాళ్లకు సిమ్‌లు తెచ్చుకుంటారు. తన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో ఎవరైనా 2023లో మొదలైన సంచార్ సాథీలో చూసుకోవచ్చు, తనది కానిదాన్ని చెప్పి తీసేయించవచ్చు. మీటింగుల్లో ఒక్కసారి అందరి చేతా ఈ పని చేయించి చూడండి, ఏం బయటపడుతుందో.

డిజిటల్ అక్షరాస్యత పేరిట స్వచ్ఛంద సంస్థలు పెట్టే శిక్షణల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. రీఛార్జి ఎలా చేయాలి, డబ్బు ఎలా పంపాలి అని రెండు రోజులు నేర్పుతారు. డబ్బు పోతే ఎవరిని ఎలా నిలదీయాలన్నది చివరి పూట, ఇక బస్సుకు టైమైందనగా, పది నిమిషాల్లో ముగుస్తుంది. స్త్రీలకు చెల్లించడం నేర్పి, అడగడం నేర్పకుండా వదిలేస్తే ఆ శిక్షణ ఎవరికి లాభం? ఒక పూటంతా అందరూ చుట్టూ కూర్చుని, స్పీకరులో ఫిర్యాదు కేంద్రానికి ఫోను చేసి, డాకెట్ నంబరు నోటుపుస్తకంలో రాసుకోవాలి. మా దగ్గర అలాగే చేస్తున్నాం. ఆ పుస్తకంలో తేదీ, కోసిన సొమ్ము, ఫిర్యాదు నంబరు, అప్పీలు తేదీ ఉంటాయి. ఇంట్లో మాట వస్తే సంఘం పుస్తకం చూపించవచ్చు. మా చెల్లె విషయంలో మరిది నోరు మూయించింది తిరిగి వచ్చిన ఆ సగం డబ్బు కాదు. కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టు ఫోనులో కనిపించిన ఆ మెసేజి.

ఇక మిగిలింది కమిషన్ దాకా పోవడం. మా వైపు వాళ్లకు అది కరీంనగర్. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కాబట్టి చార్జీల బాధ తీరింది. పోయిన ప్రతి వాయిదాకూ ఒక రోజు బీడీల కూలి మాత్రం పోతుంది. పదిమంది ఫిర్యాదును ఒక్కరే తీసుకుపోయి, ఆ ఒక్కరి కూలిని మిగతా తొమ్మిదిమంది పంచుకోవాలని మా సంఘంలో అనుకుంటున్నాం. ఎవరు పోవాలన్నది ఇంకా తేలలేదు.