సపోర్ట్ ప్రాజెక్ట్ అంటే అంత చులకనా?

ప్లేస్‌మెంట్లు మొదలైనప్పటి నుంచి మన హాస్టల్లో ఒకటే మాట. "ఆఫరైతే వచ్చింది గానీ, తీసుకెళ్లి సపోర్ట్‌లో పడేస్తారేమోరా." అదేదో పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్ అన్నట్టు. డెవలప్‌మెంట్ అయితే గొప్ప, టెస్టింగ్ అయితే సర్దుకోవచ్చు, సపోర్ట్ అయితే కెరీర్ ముగిసినట్టే. ఇంకా ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయని మనకి ఈ ఎక్కువ తక్కువలు ఎవరు నేర్పారో!

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాతికేళ్లో ముప్పై ఏళ్లో టెక్నికల్ పనిలోనే ఉండాలనుకునే వాళ్లకి పాత సాఫ్ట్‌వేర్‌ని మించిన బడి లేదంటాను.

మన బందరు ఉదాహరణే చూడండి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది, కార్పొరేషన్ బ్యాంకు కూడా, యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. మన ఊళ్లో పుట్టిన బ్యాంకు పేరు పోయిందని చాలామంది బాధపడ్డారు. నేను మాత్రం బోర్డు మారడం కన్నా దాని వెనక జరగాల్సిన పని గురించే ఎక్కువ ఆలోచించాను. మూడు బ్యాంకులూ ఇన్ఫోసిస్ వాళ్ల ఫినాకిల్ మీదే నడిచేవి. "ఇంకేం, ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేస్తే సరి" అనుకుంటాం, డీబీఎంఎస్ ల్యాబ్ అయిపోయిన ధైర్యంతో. కానీ సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా ప్రతి బ్యాంకూ దాన్ని తన అలవాట్లకి తగ్గట్టు మార్చుకుంటుంది. పంట రుణం ఒకచోట ఒక కోడ్ కింద ఉంటుంది, ఇంకోచోట మరో కోడ్ కింద. వడ్డీ ఏ రోజు వేయాలి, పైసలు ఎక్కడ రౌండ్ చేయాలి, చనిపోయిన ఖాతాదారుడి బంగారం లోను ఏ స్థితిలో చూపించాలి, ఇలాంటివన్నీ తేడాలే. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మొదట్లో ఏఎన్‌డీబీ పోయి యూబీఐఎన్ వచ్చింది. మనకి కనిపించింది ఆ నాలుగక్షరాలే. గుడివాడ రైతు ఖాతా ఒక డేటాబేస్‌లోంచి ఇంకో డేటాబేస్‌లోకి వెళ్లాక కూడా నిల్వలో పైసా తేడా రాకూడదు.

అలాంటి పనికి ఎవరు కావాలి? నిన్న వచ్చిన ఫ్రేమ్‌వర్క్ తెలిసినవాడు సరిపోడు. "ఈ కాలమ్‌లో అన్నిచోట్లా సున్నా ఉంటే, ఈ రెండొందల వరసల్లో మాత్రం తొమ్మిది ఎందుకుంది?" అంటే జవాబు చెప్పగలిగినవాడు కావాలి. ఆ జవాబు చాలాసార్లు ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టుల్లో టికెట్లు చూసిన మనిషి బుర్రలో ఉంటుంది.

కాలవల కింద బతికే మనకి ఇది కొత్తగా చెప్పాలా? బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది, ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. వాటి గురించి జీకే పుస్తకాల్లో ఉంటుంది. కానీ పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ శివారు పొలానికి నీళ్లు చేరాయంటే, ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు ఎవరో పూడిక తీశారు, గుర్రపుడెక్క లాగేశారు, లాకుల తలుపులకి గ్రీజు పెట్టారు. శంకుస్థాపనకి ఫ్లెక్సీలు కడతారు గానీ పూడిక తీసినందుకు ఎవరు కడతారు? ఒక్క ఏడాది ఆ పని సరిగా జరక్కపోతే మాత్రం నాగాయలంకలో నారుమడి చెబుతుంది.

సపోర్ట్ పనంతా బంగారమని నేననను. స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్‌కి ముందే రాసిపెట్టిన స్టెప్పులు కాపీ చేసి, టికెట్ మూసేసి, ఇంకోటి తెరిచే ప్రాజెక్టులున్నాయి. అందులో ఐదేళ్లుంటే ఒక ఏడాది అనుభవాన్ని ఐదుసార్లు పొందినట్టే. తేడా ఎక్కడుందో మా పెద్దమ్మ కొడుకుని చూశాక అర్థమైంది. అన్నయ్యది అవనిగడ్డ పక్కన పల్లెటూరు. పదకొండేళ్ల కిందట ఒక ఇన్సూరెన్స్ సిస్టమ్ సపోర్ట్‌లో చేరాడు. టికెట్ మూశాక అది అసలెందుకు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండేళ్లకి ఆ పుస్తకం చూసే అతన్ని కోడ్ సరిచేసే టీమ్‌లోకి తీసుకున్నారు. ఇప్పుడు ఆ సిస్టమ్‌లో ప్రీమియం లెక్క మార్చాలంటే ముందు ఆయన్నే అడుగుతారు.

ఇంట్లోవాళ్లకి మాత్రం ఇదేం ఆనట్లేదు. సంక్రాంతికి వస్తే పెదనాన్న అడిగారు, "పదకొండేళ్లయింది, ఇంకా కోడింగేనా అబ్బాయ్? మేనేజర్‌వి ఎప్పుడవుతావ్?" అన్నయ్య నవ్వేసి అరిసె అందుకున్నాడు. పెదనాన్నని తప్పుపట్టను. ఆయన చూసిన ఆఫీసుల్లో పైకెళ్లడమంటే కింద మనుషులుండటమే. కానీ ఆ కుర్చీ కూడా భద్రమేం కాదు. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేలమందిని తగ్గిస్తామంది, ఎక్కువగా మధ్య, పై స్థాయిల్లో. మనుషుల్ని నడపడం ఇష్టమైతే మేనేజరవ్వండి, అదీ కష్టమైన పనే. పెళ్లిచూపుల్లో చెప్పుకోవడానికైతే వద్దు.

ఇక కోర్సుల సంగతి. 90ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న తరం ఉంది. సంవత్సరాన్ని రెండంకెలతో దాచిన ప్రోగ్రాములు 2000ని 1900 అనుకుంటాయన్న భయంతో వచ్చిన గిరాకీ అది. గడువు దాటింది, గిరాకీ పడిపోయింది, ఆ వెంటే డాట్‌కామ్ బుడగ కూడా పేలింది. కోబాల్ మాత్రం చావలేదు, చాలా బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి కొత్త కోడ్ రాయడం చవకైపోయింది. చవకైన కొద్దీ మన చుట్టూ కోడ్ ఇంకా పెరుగుతుంది, దాన్ని చదివి ఎక్కడ తప్పుందో పట్టుకునే పని కూడా దాంతోపాటే పెరుగుతుందని నా నమ్మకం.

మరి ఆ పని మనకి కాలేజీలో ఎవరైనా నేర్పుతున్నారా? ప్రతి బ్యాచూ కొత్త లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమే చేస్తుంది. పోయినేడాదిది ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో ఎవరికీ తెలీదు. కొందరైతే బెజవాడలో కొనుక్కొస్తారు, పేర్లు రాయను. అందుకే ఈసారి మా బ్యాచ్ నలుగురం సీనియర్లు వదిలేసిన హాస్టల్ మెస్ బిల్లుల ప్రాజెక్టుని తీసుకున్నాం. అది ఇప్పుడు రన్ కూడా అవట్లేదు, కామెంట్లు లేవు, వేరియబుల్ పేర్లన్నీ ఏ, బీ, సీలు. దాన్ని బతికించి, నిజంగా మెస్‌లో ఒక నెల నడిపించి, జూనియర్లకి అప్పగించాలని ప్లాన్. గైడ్ గారు సరేనన్నారు. మొదటి రివ్యూలో "ఇందులో కొత్తదనం ఏముంది?" అని అడిగారు. రెండో రివ్యూ వచ్చే నెల. ఈలోగా ఆ కోడ్ రాసిన సీనియర్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, అందులో "బీ2" అంటే ఏంటో దయచేసి చెప్పండి.