ముందు దారి చూడండి, తర్వాతే లెక్క



మన ఎం.పి.సి. వాళ్ళలో ఒక మాట తిరుగుతోంది. రేఖా సమాకలనులు డిగ్రీ వాళ్ళ గొడవట, మన బుర్రకి ఎక్కవట. నేను ఒప్పుకోను. ఫిజిక్సు పుస్తకంలో ‘పని’ పాఠం తీయండి. ముందు పొడుగాటి సమాకలని గుర్తు, తర్వాత బలం, చుక్క, చిన్న స్థానభ్రంశం. అది రేఖా సమాకలనే! పేరు చెప్పలేదు, అంతే. అందుకే దాన్ని ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు దించేస్తున్నాం.

మామూలు సమాకలనంలో ఎక్స్ అక్షం మీదే తిన్నగా పోతాం. ఇక్కడ దారి వంకరగా ఉండొచ్చు, మన ఊళ్ళ నుంచి సంతకి పోయే దారిలాగా. అడుగడుక్కీ బలం ఎంతో, నడిచే దిక్కున అది ఎంత తోస్తోందో, లేదా ఎంత అడ్డుతోందో చూసి అన్నీ కలపాలి. సంగతంతా ఇదే.

సంత నుంచి 10 కిలోల బియ్యం మూట 50 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి చేర్చామనుకోండి. గురుత్వానికి ఎదురుగా చేసిన పని 10 × 9.8 × 50 = 4900 జౌళ్లు. నిటారు అడ్డదారిన ఎక్కినా, చుట్టు తిరిగొచ్చినా అంతే. ఇది చెబితే మా అమ్మ “అయితే రేపట్నించి నువ్వే మొయ్యిరా” అంది. (కాళ్ళ అలసట లెక్క వేరు, అమ్మదీ తప్పు కాదు.) అదే ఒక దుంగని నేలమీద ఈడ్చారనుకోండి. ఘర్షణ దారంతా 40 న్యూటన్లే అనుకున్నా, 200 మీటర్ల దారిన దానికి ఎదురుగా చేసే పని 8000 జౌళ్లు, 500 మీటర్ల దారిన 20000. కొన్ని బలాలకి దారితో పనిలేదు, కొన్నిటికి దారే ముఖ్యం. ముందు ఏది ఏదో తేల్చుకోవాలి.

నేను తేల్చుకోలేదు. మొన్నటి టెస్టులో బలం ఎక్స్ దిక్కున మాత్రమే, దాని విలువ వై. (0,0) నుంచి (1,1)కి వెళ్ళాలి. వై = ఎక్స్ అనేసుకుని 1/2 రాశాను. సున్నా వేశారు. “తిన్నగా పొమ్మని నీకెవరు చెప్పారు?” అన్నారు సారు. ప్రశ్నలో దారి వై = ఎక్స్ వర్గం అని ఉంది, నేను చూడనే లేదు. ఎక్స్ = టి, వై = టి వర్గం, డిఎక్స్ = డిటి అని పెట్టి 0 నుంచి 1 దాకా చేస్తే 1/3. ముందు అక్షం మీద నడిచి తర్వాత నిట్టనిలువుగా ఎక్కితే సున్నా, ఎందుకంటే అక్షం మీద వై లేదు, ఎక్కేటప్పుడు డిఎక్స్ లేదు. మూడు దారులు, మూడు జవాబులు!

ఇప్పుడు వై దిక్కున కూడా ఎక్స్ అంత బలం చేర్చండి. మూడు దారుల్లోనూ 1 వస్తుంది, చేసి చూశాను. ఎక్స్, వైల లబ్ధం ఎంత మారిందో అదే జవాబు, కొసలు చూస్తే చాలు. మొదటి భాగానికి వై పరంగా, రెండోదానికి ఎక్స్ పరంగా పాక్షిక అవకలజాలు తీస్తే ఇక్కడ రెండూ 1. ముందు లెక్కలో ఒకటి 1, ఒకటి 0. తేడా అక్కడుంది.

గైడ్లలో ఈ కథేమీ ఉండదు, సూత్రం ఒక్కటే ఉంటుంది. బుర్రకి ఎక్కదనే వాళ్ళకి ఒక మాట. మూసి ఉన్న దారి మీది సమాకలనిని లోపలి వైశాల్యంతో కలిపే సిద్ధాంతానికి జార్జ్ గ్రీన్ పేరుంది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గర పిండిమర నడిపినవాడు. చిన్నప్పుడు బడికి పోయింది ఏడాది పైచిలుకే. 1828లో సొంతంగా పుస్తకం వేయించాడు. కేంబ్రిడ్జిలో చేరింది 1833లో, 40 ఏళ్ళ వయసులో.

ఆదివారం స్టడీ అవర్లో వరండా గచ్చు మీద సుద్దతో మూడు దారులూ గీస్తాను, రండి. వచ్చేముందు ఇది చెయ్యండి: బలం ఎక్స్ దిక్కున మైనస్ వై, వై దిక్కున ఎక్స్. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం మీద ఎడమచేతి వైపుగా ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. జవాబు సున్నా అని మా రూములో ఇద్దరు పందెం కాశారు. నాకు 2 పై వచ్చింది.