చెత్తకు లెక్క యేది?

పట్టణములను పరిశుభ్రము చేయవలెనను సంకల్పములకు మన దేశమున కొదవ లేదు. 2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛ భారత ఉద్యమ మారంభమయ్యెను. చెత్తను ఇంటియొద్దనే వేరుచేయవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము నియమములు గావించెను. ఆ యేటనే పట్టణములకు స్వచ్ఛతలో స్థానములు నిర్ణయించు పరీక్షయు మొదలయ్యెను. మంచి స్థానము లభించిన పురము సంబరపడుచున్నది. లభింపని పురము చిన్నబుచ్చుకొనుచున్నది. కాని ఊరివెలుపలి చెత్తగుట్ట తరిగినదా, పెరిగినదా యని యడిగినచో ఉత్తరము చెప్పగలవారు అరుదు. స్థానములను పెద్ద యక్షరములతో అచ్చొత్తి, గుట్ట సంగతి విస్మరించు పత్రికలవారమైన మాకును ఇందు దోషభాగము కలదు.

పురపాలక సంఘములు సాధారణముగ మూడు లెక్కలు చూపుచుండును: ఎన్ని బండ్లు కొన్నది, ఎన్ని యిండ్లకు బుట్టలు పంచినది, నూటికెన్ని వంతులు గుట్టకు పోకుండ తప్పించినది. మొదటి రెండును వ్యయమును దెలుపునే గాని ఫలమును దెలుపవు. మూడవది మరింత భ్రమ గొలుపును. ఒక యూర దినమునకు 100 టన్నుల చెత్త పుట్టగా 30 టన్నులు వేరుపడిన వనుకొందము; గుట్టకు చేరునది 70. కొన్నియేండ్లకు 150 టన్నులు పుట్టి, అందు సగము వేరుపడినను, గుట్టకు 75 టన్నులు చేరును. కాగితముమీద ఊరు ముందునకు నడచినది. గుట్టయు దానితోపాటు పెరిగినది.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరము 2020 నాటికి చెత్తను శూన్యము చేయుదుమని ప్రతిన పూనెను. గడువు రాకమునుపే, 2018లో, లక్ష్యమును మార్చుకొని, 2030 నాటికి పుట్టు చెత్తను నూటికి 15 వంతులును, పూడ్చుటకు గాని కాల్చుటకు గాని పోవుదానిని 50 వంతులును తగ్గింతుమని ప్రకటించెను. పుట్టువద్దనే తగ్గింపు కోరుటయు, కాల్చుటను పూడ్చుటతో జతచేసి లెక్కించుటయు ఇందు గమనింపదగిన విషయములు. హైదరాబాదు చెత్త చేరు జవహర్‌నగరమున 2020లో చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారము వెలసినది. కాల్చినది గుట్టకెక్కలేదనుట నిజమే. కాని అది యింట తగ్గిన చెత్త కాదు, దాని బూడిదయు మిగులును. ఈ రెంటిని ఒకే పద్దున వ్రాయరాదు.

మరి చేయవలసిన దేమి? ప్రతి వార్డు చెత్తబండిని కాటాపై తూచి, తడి చెత్త, పొడి చెత్త, కాల్చినది, పూడ్చినది అని నాలుగు పద్దులు వ్రాయవలెను. దానిని ఇండ్ల సంఖ్యచే భాగించి, ఇంటికి దినమున కెన్ని గ్రాములో తేల్చి, నెలనెలయు వార్డు కార్యాలయపు పలకపై ప్రకటింపవలెను. వానకాలమున చెత్త తడిసి బరువెక్కును గావున జూలైని గడచిన జూలైతోనే పోల్చవలెను. కూల్చిన గోడల మట్టిని, త్రవ్వి తీసిన పాతగుట్టలను వేరుగ నుంచవలెను. బండి క్రొత్తగ చేరిన పేటలో మొదటి యేడు తూనిక పెరిగినచో నిందింపరాదు; నిన్న మురుగుకాలువలో పడినదే నేడు కాటాకెక్కినది.

ఇది పట్టణవాసుల గొడవయే యని భూస్వాములు తలపరాదు. వ్యర్థములనుండి ఎరువు చేయు ఇండోరు పద్ధతిని హోవర్డు, వాడ్ అను నిరువురు 1931లోనే గ్రంథముగ ప్రకటించిరి. మన పట్టణముల చెత్తలో సగమునకు పైబడి కుళ్లి యెరువు కాదగినదే. కాని గాజుపెంకులు, ప్లాస్టిక్కు ముక్కలు కలిసిన యెరువును ఏ రైతు తన చేనికి తోలుకొనును? పట్టణము చెత్తను నిజముగ వేరుచేసినదా లేదా యనుటకు రైతు అంగీకారమును మించిన పరీక్ష లేదు.

మన వాకిట కదలిన చెత్త మాయము కాలేదు. గుట్టక్రింద కాపురమున్నవారి వాకిటికి చేరినది. వారి నూతినీటిలో దిగునది మన నిర్లక్ష్యమే. కావున గృహస్థులు రెండు బుట్టలు పెట్టుకొనుటతో తృప్తిపడక, తమ వార్డు సభ్యుని ఒక్క ప్రశ్న అడుగవలెను: గత సంవత్సర మీ నెలలో మన వార్డునుండి గుట్టకు చేరిన బరువెంత, ఇప్పుడెంత? ఆ రెండంకెలు చెప్పలేని పురము ఎంతటి బిరుదు పొందినను, తన ప్రగతి నెరుగని పురమే.