పాత కారు ఎత్తు, చట్టం చూపు

స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో ప్రారంభించిన పాతకార్ల ర్యాలీకి వచ్చే జనం రంగును, మెరిసే క్రోమ్‌ను చూసి మురిసిపోతారు. ఆ కారు మలుపులో ఎలా తిరుగుతుందో, గతుకులో ఎలా నిలదొక్కుకుంటుందో ఆలోచించేవారు తక్కువ. చట్టం చూపు కూడా దాదాపు అక్కడే ఆగిపోయింది. పాత కారు ముందు భాగాన్ని ఒకటి రెండు అంగుళాలు కిందికి దించుకోవాలన్న చిన్న కోరికను పరిశీలించినా ఈ లోపం బయటపడుతుంది.

దశాబ్దాల పాటు ఢిల్లీ అధికారానికి గుర్తుగా తిరిగిన అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి, 2014 వరకు ఉత్తరపారాలో తయారైన ఈ కారు పాత నమూనాలలో ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు ఉండవు. టోర్షన్ బార్ అనే పొడవాటి ఉక్కు కడ్డీ మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. ఆ కడ్డీ చివర ఉన్న పళ్లను కాస్త జరిపి బిగిస్తే కారు ముక్కు దిగుతుంది. కోత అక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. చుట్టల స్ప్రింగులున్న ప్రీమియర్ పద్మిని విషయంలో మాత్రం కొందరు గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి కుదిస్తారు. దాంతో ఉక్కు పదును పోతుంది. స్ప్రింగు కుంగిపోవచ్చు, విరిగిపోనూవచ్చు.

ఎత్తు తగ్గించడంతో పని పూర్తి కాదు, అక్కడే మొదలవుతుంది. చక్రం పైకి కదలడానికి మిగిలే సందు తగ్గి, చిన్న గుంతకే సస్పెన్షన్ రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. స్టీరింగు కడ్డీల కోణం మారి, గతుకు తగలగానే చక్రం తనంతట తానే పక్కకు మళ్లుతుంది. వెనుక భాగం అలాగే ఉండి ముక్కు ఒక్కటే వంగితే, వేగంలో కారును తిన్నగా నడిపించే కాస్టర్ కోణం తగ్గుతుంది. హెడ్‌లైట్ల వెలుగు దగ్గరలోనే నేలకు తగులుతుంది. అందుకే అనుభవజ్ఞుడైన మెకానిక్ కొద్దిగానే దించుతాడు. రెండు వైపులా సమానంగా కొలుస్తాడు. షాక్ అబ్జార్బర్లను, స్టీరింగు కడ్డీలను సరిచూస్తాడు. వీల్ అలైన్‌మెంట్ చేయించి, లైట్ల గురి సవరించి, రోడ్డు మీద పరీక్షించిన తర్వాతే తాళాలు అప్పగిస్తాడు. స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు మించరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతున్నా, కాలనీల వీధుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరన్న సంగతి కూడా అతనికి తెలుసు.

ఇంత జాగ్రత్తగా చేసిన పనికీ, మంటతో కాల్చిన స్ప్రింగుకూ చట్టం తేడా చూపుతుందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం వాహనానికి 50 ఏళ్లు దాటాలి, అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులను ఆ నిబంధన పేరు పెట్టి నిషేధించింది. సస్పెన్షన్ పేరు అందులో లేదు. కాబట్టి పళ్లను ఒక గాటు జరపడం మార్పా, సర్దుబాటా అన్నది తనిఖీ చేసే అధికారి విచక్షణకే మిగిలిపోయింది.

కఠినత్వాన్ని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. సడలింపు ఇస్తే ప్రతి వీధి గ్యారేజీ ఇంజినీరింగ్ ప్రయోగశాలగా మారుతుందన్న భయం సహేతుకమే. అయితే కొలత లేని కఠినత్వం భద్రతను ఇవ్వదు. కార్ఖానా నుంచి వచ్చిన ఎత్తులోనే ఉండి, అరిగిన బుష్‌లతో ఊగిసలాడే కారు ‘అసలు రూపం’ పరీక్షలో నెగ్గవచ్చు. నియమబద్ధంగా అంగుళం దించి, అన్నీ సరిచూసిన కారు ఓడిపోవచ్చు. రాజధాని వాహన విధానమంతటా ఇదే ధోరణి కనిపిస్తుంది. డీజిలుకు 10 ఏళ్లు, పెట్రోలుకు 15 ఏళ్లు అన్న గీత వాహనం స్థితిని అడగదు. 2025 జులై 1న కాలం తీరిన వాహనాలకు ఇంధనం నిలిపివేసి, జనాగ్రహంతో కొద్ది రోజులకే వెనక్కి తగ్గడం వయసునే కొలమానంగా పట్టుకున్నందువల్ల వచ్చిన ఇబ్బందే.

పరిష్కారానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు. బ్రేకులు, సస్పెన్షన్, చక్రాల పక్కజారుడు, హెడ్‌లైట్ల గురిని యంత్రాలతో కొలిచే ఆటోమేటెడ్ పరీక్షా కేంద్రాలు దేశంలో వచ్చాయి. వింటేజ్ వాహనాలను పరిశీలించే కమిటీలకు నిబంధనలే చోటిచ్చాయి. తిరిగి యథాస్థితికి తేగల సస్పెన్షన్ సర్దుబాట్లకు స్పష్టమైన పరిమితి విధించి, ఆ పరీక్షల ఫలితాన్ని నమోదు పత్రానికి జోడిస్తే చాలు. కరోల్‌బాగ్‌లోనో కశ్మీరీ గేట్‌లోనో మంచి మెకానిక్ తాళాలు అప్పగించే ముందు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ కారు మలుపులో మాట వింటుందా? ప్రభుత్వమూ నమోదు పత్రం ఇచ్చే ముందు ఆ ప్రశ్న అడగాలి.